కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నేమ్ సర్వర్ పేర్లు చెప్పడం మానేస్తోంది: లోపం ఎక్కడ వెతకాలి?

వంశధార (గుణుపురం)

అందరికీ నమస్కారం. రాయగడ జిల్లా గుణుపురంలో ఒక చిన్న బడిలో లెక్కలు చెబుతూ, కంప్యూటర్ల బాధ్యత కూడా చూస్తున్నాను. ల్యాబులో 32, గ్రంథాలయంలో 4, కార్యాలయంలో 3 కంప్యూటర్లు ఉన్నాయి. పుస్తకాల పట్టిక, పిల్లల హాజరు, పరీక్షల ఫైళ్లు అన్నీ బడిలోనే ఉన్న ఒక సర్వర్ మీద నడుస్తాయి. ఇంతకాలం 192.168తో మొదలయ్యే కంప్యూటర్ల చిరునామా అంకెలను కాగితం మీద రాసి గోడకు అంటించుకుని పని నడిపించాం. రౌటర్ మారిన ప్రతిసారీ ఆ కాగితాలన్నీ మార్చవలసి వస్తోందని, నిరుడు వేసవి సెలవుల్లో ఒక పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వేసి, అందులో పేరు అడిగితే అంకె చెప్పే బైండ్ అనే నేమ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టి, మా లోపలి పేర్లకు ఒక జోన్ ఫైలు, అంటే ఏ పేరుకు ఏ అంకెో తెలిపే పట్టిక, రాశాను. బయటి పేర్లను కూడా అదే యంత్రం కనుక్కుని, జ్ఞాపకం ఉంచుకుని, అందరికీ చెబుతుంది. మామూలు రోజుల్లో ఎంతో బాగా పనిచేస్తోంది.

చిక్కు కరెంటుతో వచ్చింది. వానాకాలంలో మాకు రాత్రంతా కరెంటు లేకపోవడం కొత్త కాదు, యూపీఎస్ రెండు గంటలకు మించి ఆగదు. తెల్లవారి యంత్రం మళ్లీ మొదలయ్యాక, లోపలి పేర్లు చక్కగా పలుకుతున్నా, బయటి పేరు ఏది అడిగినా సర్వ్‌ఫెయిల్ (జవాబు తేలేకపోయాను) అనే జవాబు వస్తోంది. అంకెతో పింగ్ చేస్తే వెళుతోంది కనుక లింకు ఉన్నట్టే. ఒక వింత కూడా గమనించాను. విసిగిపోయి ఆ యంత్రాన్ని నా ఫోను హాట్‌స్పాట్‌కు కలిపితే రెండు మూడు నిమిషాల్లో అన్నీ కుదురుకుంటాయి, ఫోను తీసేసినా ఆ తరువాత రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ మా ప్రశ్నలను అడ్డుకుంటోందేమోనని అనుమానించి రెండుసార్లు ఫిర్యాదు చేశాను. తమ వైపు ఏ లోపమూ లేదని వారు అంటున్నారు.

రెండవ సంగతి. బడి పేరుతో ఒక డాట్ ఇన్ డొమైను ఈమధ్యే కొన్నాం. దానికి నేమ్ సర్వర్‌గా ఈ యంత్రాన్నే చూపించవచ్చా? పెద్దలు దారి చూపగలరు.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

మాస్టారూ, మీ సంస్థవారి మీద అనుమానాన్ని కాసేపు పక్కన పెట్టండి. మీరు చెప్పిన వాటిలో అన్నిటికంటే విలువైన ఆధారం ఫోను హాట్‌స్పాట్. ఫోను తీసేసిన తరువాత కూడా యంత్రం బాగా పనిచేస్తోందంటే, ఫోను ఆ రెండు నిమిషాల్లో యంత్రానికి శాశ్వతంగా ఏదో ఇచ్చి వెళ్లిందన్నమాట. అది సరైన సమయం అయి ఉంటుందని నా అనుమానం.

రేపు మళ్లీ ఇలా జరిగినప్పుడు, దేన్నీ సరిచేయకముందే రెండు పనులు చేయండి. నేమ్ సర్వర్‌ను ప్రశ్నించే డిగ్ అనే ఆదేశంతో ఏదైనా బయటి పేరును మామూలుగా ఒకసారి, ప్లస్ సీడీ అనే గుర్తు చేర్చి ఒకసారి అడగండి. జవాబుతో వచ్చే సంతకాలు సరిచూడకుండానే దాన్ని ఇమ్మని ఆ గుర్తు చెబుతుంది. మొదటిసారి సర్వ్‌ఫెయిల్, రెండవసారి సరైన జవాబు వస్తే లింకూ, ఫైర్‌వాలూ, మీ సంస్థా నిర్దోషులే, తప్పుతున్నది సంతకాల తనిఖీ. ఆ తరువాత డేట్ అని కొట్టి, యంత్రం ఈ రోజు ఏ తేదీ అనుకుంటోందో చూడండి.

ఈ పేర్ల వ్యవస్థ అయిన డీఎన్ఎస్‌కు రక్షణగా చేర్చిన డీఎన్ఎస్‌సెక్ పద్ధతిలో ప్రతి జవాబుతోపాటు ఒక సంతకం వస్తుంది. ఆ సంతకం ఫలానా క్షణం నుంచి ఫలానా క్షణం వరకు చెల్లుతుందని అందులోనే రాసి ఉంటుంది, ఆ గడువు సాధారణంగా కొద్ది రోజులో, కొద్ది వారాలో. యంత్రం గడియారం ఏళ్ల వెనక్కు పోతే, నేటి సంతకాలన్నీ దానికి ఇంకా మొదలుకాని సంతకాలుగా కనబడతాయి, అది నిజాయితీగా వాటిని తోసిపుచ్చుతుంది. సంతకం లేని డొమైన్లు కూడా ఎందుకు తెరుచుకోవడం లేదని మీకు సందేహం రావచ్చు. ఈ డొమైనుకు సంతకం లేదు అన్న మాటను కూడా దాని పైనున్న డాట్ ఇన్, డాట్ కామ్ వంటివి సంతకం చేసి చెప్పాలి. ఆ మాటనే నమ్మలేనప్పుడు కిందివన్నీ ఆగిపోతాయి. మీ లోపలి జోన్‌కు మీ యంత్రమే యజమాని కనుక అక్కడ తనిఖీ జరగదు, అందుకే లోపలి పేర్లు పలుకుతున్నాయి.

మిగిలింది ముడి. సమయాన్ని సరిదిద్దుకోవడానికి యంత్రం ఒక టైమ్ సర్వర్‌ను పేరు పెట్టి అడుగుతుంది. ఆ పేరు తెలియాలంటే నేమ్ సర్వర్ పనిచేయాలి, నేమ్ సర్వర్ పనిచేయాలంటే సమయం సరిగా ఉండాలి. మీ ఫోను తన సొంత నేమ్ సర్వర్‌ను యంత్రానికి చూపించి ఈ ముడిని విప్పుతోంది.

కొలాబు (జయపురం)

ఇంత శ్రమ ఎందుకండీ? బైండ్ ఆప్షన్లలో ఆ సంతకాల తనిఖీని, అంటే డీఎన్ఎస్‌సెక్ వాలిడేషన్‌ను, నో అని రాసేస్తే సరిపోతుంది. మా కార్యాలయంలో అలాగే చేశాం, రెండేళ్లుగా ఏ చిక్కూ లేదు.

వంశధార (గుణుపురం)

ప్రాణహిత గారూ, మీరు చెప్పినట్టే జరిగింది. నిన్న రాత్రి పదకొండు గంటలకు కరెంటు పోయి, ఉదయం ఆరున్నరకు వచ్చింది. ఏడు గంటలకు బడికి వెళ్లి, ఫోను జేబులోంచి తీయకుండా, ముందు డిగ్ కొట్టాను. మామూలుగా సర్వ్‌ఫెయిల్, ప్లస్ సీడీతో వెంటనే జవాబు. డేట్ అడిగితే మూడేళ్ల కిందటి జనవరి తేదీ చూపించింది. పిల్లలకు రోజూ గడియారం లెక్కలు చెప్పే నాకు ఇన్ని నెలలు ఈ ఆలోచన తట్టనందుకు బాధ కలిగింది. పెట్టె విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద బటన్ బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంది. సంస్థవారి మీద పెట్టిన ఫిర్యాదును ఈ పూటే వెనక్కు తీసుకున్నాను.

ఇప్పుడు కొలాబు గారు చెప్పినట్టు తనిఖీని ఆపేయడం మంచిదా, లేక ఉంచడమా?

గజపతి వాసి (పర్లాకిమిడి)

మాస్టారూ, ఆపవద్దు. 1983లో పాల్ మొకపెట్రిస్ ఈ పేర్ల వ్యవస్థను రూపొందించినప్పుడు, వచ్చిన జవాబు నిజమైనదేనా అని సరిచూసే ఏర్పాటు అందులో లేదు. దారిలో ఎవరైనా తప్పుడు అంకె అందిస్తే నమ్మడం తప్ప గత్యంతరం ఉండేది కాదు. డాట్ ఇన్, డాట్ కామ్ వంటి వాటన్నిటికీ పైనున్న రూట్ జోన్‌కు సంతకం మొదలైంది 2010 జూలైలో. అంత కాలానికి దొరికిన రక్షణను, ఒక చిన్న బ్యాటరీ కోసం, అదీ పిల్లలు వాడే యంత్రాల మీద వదులుకోవడం నాకు న్యాయంగా తోచదు. కొలాబు గారి కార్యాలయంలో రెండేళ్లు చిక్కు రాకపోవడం సంతోషమే. అయితే తనిఖీ లేని చోట తప్పుడు జవాబు వచ్చినా అది చిక్కుగా కనబడదు, మామూలు జవాబులాగానే ఉంటుంది.

తనిఖీ ఉంచుకుంటూ ఎలా జాగ్రత్త పడాలో నా అనుభవం చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదికి వచ్చింది. కరెంటు స్తంభాలు, కేబుళ్లు, చెట్లు అన్నీ కూలాయి. మా ఊరి గ్రంథాలయంలో నేను పెట్టిన నేమ్ సర్వర్ తొమ్మిది రోజులు ఆగిపోయింది. కరెంటూ లింకూ వచ్చిన రోజు ఎంతో ఆశగా యంత్రం మొదలుపెడితే, అచ్చం మీకు వచ్చినట్టే సర్వ్‌ఫెయిల్ వచ్చింది. తుఫాను వల్ల ఎక్కడో కేబుల్ దెబ్బతిందని నమ్మి, రెండు రోజులు వైర్ల వెంట తిరిగాను. గడియారం చూశాను, అది సరిగ్గానే ఉంది.

అసలు సంగతి ఏమిటంటే, తుఫాను తీరం దాటిన అదే అక్టోబరు 11న, మన సమయం ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకు, ప్రపంచమంతటికీ మూలమైన రూట్ జోన్ తాళపు కీని మార్చారు. 2010 నుంచి వాడుతున్న కీ స్థానంలో 2017లో రూట్ జోన్‌లో ప్రవేశపెట్టిన కొత్త కీ వచ్చింది. నిజానికి ఆ మార్పు ఒక ఏడాది ముందే జరగవలసినది, చాలా సర్వర్లు సిద్ధంగా లేవని వాయిదా వేశారు. బైండ్ తనంతట తానే కొత్త కీని నేర్చుకునే ఏర్పాటు ఉంది. కాని నేను ఎప్పుడో ఒక పాత పాఠం చూసి, కాన్ఫిగరేషన్‌లో పాత కీని ట్రస్టెడ్ కీస్ అనే శీర్షిక కింద చేత్తో అతికించాను. అలా అతికించిన కీ ఎన్నటికీ మారదు. తుఫాను రాకపోయినా ఆ వారంలో నా సర్వర్ ఆగిపోయేది. తుఫాను వచ్చింది కనుక కారణం కళ్లముందే ఉందనుకుని, అసలు కారణం వైపు చూడలేదు. ఆనాటి ఆ రెండు రోజులు గ్రంథాలయం బయట ఫారాలు నింపుకోవడానికి వరుసలో నిలబడినవారి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

కనుక మీ కాన్ఫిగరేషన్‌లో వాలిడేషన్ ఎదుట ఆటో అని మాత్రమే ఉండాలి, ఏ కీనీ చేత్తో రాయవద్దు. బైండ్ నేర్చుకున్న కీలను దాచుకునే డైరెక్టరీలో రాసే అనుమతి దానికి ఉందో లేదో చూడండి. మరొక మాట, మీది బడి కనుక ముఖ్యం. కొత్త కీ కనబడిన తరువాత 30 రోజులు గమనించి గాని బైండ్ దాన్ని నమ్మదు. వేసవి సెలవుల్లో యంత్రం రెండు నెలలు ఆపి ఉంచితే ఆ లెక్క సాగదు, అప్పుడు బైండ్ ప్యాకేజీని కొత్త వెర్షన్‌కు మార్చుకోవడమే సులభమైన మార్గం. ఇంకొక కొత్త కీ 2025 జనవరి నుంచి రూట్ జోన్‌లో కనబడుతోంది, దానితో సంతకాలు మొదలుపెట్టడానికి నిర్ణయించిన తేదీ 2026 అక్టోబరు 11.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

గజపతి వాసి గారి మాటకు నా మాట కలుపుతాను. ముందు 2032 నంబరు బటన్ బ్యాటరీ వేయండి, గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. దానితోనే ఆగకండి, ఆ బ్యాటరీ కూడా ఒక రోజు చచ్చిపోతుంది. నేమ్ సర్వర్ యంత్రం తన సొంత అవసరాలకు చూసుకునే రిజాల్వ్ కాన్ఫ్ ఫైలులో మొదటి వరుసలో తనను తానే ఉంచి, రెండవ వరుసలో మీ రౌటర్ అంకె రాయండి. మొదటిది సర్వ్‌ఫెయిల్ అంటే రెండవదాన్ని అడుగుతుంది, టైమ్ సర్వర్ పేరు తెలుస్తుంది, ముడి విడిపోతుంది. ఈ రెండవ వరుస ఆ ఒక్క యంత్రంలోనే ఉండాలి. ల్యాబు కంప్యూటర్లకు కూడా రౌటర్‌ను రెండవ సర్వర్‌గా ఇస్తే, అవి ఒక్కోసారి దాన్నే అడిగి, మీ లోపలి పేర్లు లేవన్న జవాబు తెచ్చుకుంటాయి.

సమయం సరిదిద్దడానికి క్రోనీ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, దాని కాన్ఫిగరేషన్‌లో మేక్‌స్టెప్ అనే వరుస ఉందో లేదో చూడండి. అది లేకపోతే మూడేళ్ల తేడాను క్రోనీ ఒక్కసారిగా సరిదిద్దదు, మెల్లమెల్లగా జరుపుతూ కూర్చుంటుంది.

మా వైపు గోదావరికీ ప్రాణహితకూ వరద వస్తే కరెంటుకంటే ముందు లింకు పోతుంది. అటువంటి చోట స్టేల్ ఆన్సర్ ఏర్పాటు చాలా ఉపయోగపడుతుంది. గడువు తీరిన జవాబునైనా, కొత్తది దొరకనప్పుడు, తాత్కాలికంగా ఇవ్వమని అది చెబుతుంది. లింకు పది నిమిషాలు ఊగిసలాడినప్పుడు పిల్లలకు తేడా తెలియదు.

వంశధార (గుణుపురం)

బ్యాటరీ ఈ రోజే వేశాను. రిజాల్వ్ కాన్ఫ్‌లో రెండవ వరుస చేర్చాను. కాన్ఫిగరేషన్‌లో చేత్తో రాసిన కీ ఏదీ లేదు, ఆటో అనే ఉంది. అందరికీ కృతజ్ఞతలు. ఇక డొమైను సంగతి మిగిలింది. అలాగే మా లోపలి పేర్ల చివర డాట్ లోకల్ అని పెట్టాను, కంప్యూటర్లలో తెరుచుకుంటున్నాయి కాని కొందరు ఉపాధ్యాయుల ఫోన్లలో తెరుచుకోవడం లేదు. ఇది కూడా గడియారం చిక్కేనా?

ధర్మాబాద్ వాసి (నాందేడ్ జిల్లా)

కాదు మాస్టారూ, అది వేరే సంగతి. డాట్ లోకల్‌ను 2013 నుంచి ప్రమాణం ప్రకారమే మల్టీకాస్ట్ పద్ధతికి కేటాయించారు. ప్రింటర్ల వంటివి సర్వర్ లేకుండా ఒకదాన్నొకటి కనుక్కునే పద్ధతి అది. కొన్ని ఫోన్లు ఆ పేరు వినగానే మీ సర్వర్‌ను అడగకుండా గదిలో కేక వేసి ఊరుకుంటాయి. మీకు ఇప్పుడు సొంత డొమైను ఉంది కనుక, దాని ముందు లోపల అని ఒక మాట చేర్చి, ఆ ఉపడొమైను కింద గ్రంథాలయం, హాజరు అని పేర్లు పెట్టుకోండి. అది మీ సొత్తు, రేపు ఎవరి పేరుతోనూ ఢీకొనదు.

ఇక ఆ యంత్రాన్నే ప్రపంచానికి నేమ్ సర్వర్‌గా చూపించే ఆలోచన మానుకోండి. నేమ్ సర్వర్ అనే ఒకే మాటతో మనం రెండు వేరువేరు ఉద్యోగాలను పిలుస్తున్నాం. మన ఇంట్లోవారి తరఫున బయటికి వెళ్లి పేర్లు కనుక్కుని వచ్చేది ఒకటి, మన పేరు గురించి బయటివారు అడిగితే అధికారికంగా జవాబు చెప్పేది మరొకటి. మొదటిది ఇంట్లోవారికి మాత్రమే తలుపు తీయాలి, రెండవది ఊరందరికీ తీయాలి. రెండూ ఒకే యంత్రంలో పెట్టి పేర్ల ప్రశ్నలు వచ్చే 53వ పోర్టును బయటికి తెరిస్తే, కాస్త ఏమరుపాటుతో మీ యంత్రం ఎవరు అడిగినా అందరి పేర్లూ కనుక్కుని చెప్పే సత్రంగా మారుతుంది. దాడి చేసేవారు బాధితుని చిరునామాతో చిన్న ప్రశ్న పంపి, పెద్ద జవాబును ఆ బాధితుని నెత్తిన పడేటట్టు చేస్తారు, మీ సన్నని లింకు ముందు నిండిపోతుంది. ఎవరి తరఫున పేర్లు కనుక్కోవాలో బైండ్‌కు చెప్పే అలౌ రికర్షన్ వరుసలో ఇప్పుడే మీ 192.168 అంకెల పరిధి, ఆ యంత్రం తప్ప మరేదీ లేకుండా చూడండి.

అసలు మీ రౌటర్‌కు బయటివైపు వచ్చిన అంకె ఒకసారి గమనించండి. 100.64 నుంచి 100.127 మధ్య ఏదైనా ఉంటే, మీ సంస్థ ఒకే అంకె వెనుక చాలామందిని ఉంచుతోందని అర్థం, బయటి ప్రశ్న మీ దాకా రానే రాదు. అంకె నేరుగా వచ్చినా, రాత్రంతా కరెంటు లేని చోట అధికారిక సర్వర్ ఉంటే ఆ రాత్రి మీ బడి పేరు, మీ బడి మెయిలు ప్రపంచానికి లేనట్టే. అధికారిక సర్వర్లు కనీసం రెండు, అవి కూడా వేరువేరు ఊళ్లలో, వేరువేరు లింకుల మీద ఉండాలని 1997 నాటి సలహా పత్రం చెబుతుంది. డొమైను కొన్న రిజిస్ట్రార్ ఇచ్చే నేమ్ సర్వర్లే మీకు చాలు.

నేర్చుకోవాలనే ఉత్సాహం ఉందని మీ మాటల్లో కనబడుతోంది, దాన్ని నీరుగార్చడం నా ఉద్దేశం కాదు. జోన్ ఫైలును మీ చేతుల్లోనే ఉంచుకుని నేర్చుకోవాలంటే, ప్రైమరీని, అంటే జోన్ ఫైలు అసలు ప్రతి ఉండే సర్వర్‌ను, చిన్న అద్దె సర్వర్ మీద పెట్టి, దాన్ని ప్రపంచానికి చూపించకుండా, చూపించే పనిని దాని నుంచి ప్రతి తెచ్చుకునే సెకండరీ సేవకు అప్పగించవచ్చు. అప్పుడు రెండు చోట్ల ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఒకటి చివరి చుక్క. మెయిలు ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులో మెయిలు సర్వర్ పూర్తి పేరు రాసి చివర చుక్క మరిచిపోతే, దాని వెనుక మీ డొమైను పేరు మరోసారి తగిలించుకుని, డాట్ ఇన్ రెండుసార్లు వచ్చే పేరు తయారవుతుంది. ఫైలు చూస్తే తప్పు కనబడదు, నేమ్డ్ చెక్‌జోన్ అనే ఆదేశానికి పెద్ద అక్షరం డి గుర్తు చేర్చి, పూర్తి పేర్లతో అచ్చు వేయిస్తే కనబడుతుంది.

రెండవది సీరియల్ నంబరు, జోన్ ఫైలు మార్చిన ప్రతిసారీ పెంచవలసినది, అది పెరిగితేనే సెకండరీ కొత్త ప్రతి తెచ్చుకుంటుంది. తేదీని వరుసగా రాసి, చివర రెండు అంకెలు చేర్చడం మన అలవాటు. ఒకసారి నేను 2025061401 అని కొట్టవలసిన చోట 2052061401 అని కొట్టాను. సెకండరీ సంతోషంగా తీసుకుంది. మరునాడు తప్పు తెలిసి సరైన నంబరు వేస్తే, తన దగ్గర ఉన్నదానికంటే చిన్నది కనుక సెకండరీ ఇక ఏ మార్పునూ తీసుకోలేదు. నా ప్రైమరీలో కొత్త మెయిలు సర్వర్, ప్రపంచానికి పాత మెయిలు సర్వర్. సెకండరీ మన చేతిలో ఉంటే దాని ప్రతిని తుడిచేసి మళ్లీ తెప్పించవచ్చు. నా చేతిలో లేదు. ఈ నంబర్లు 32 బిట్ల గడియారంలాగా గుండ్రంగా తిరుగుతాయి కనుక, తప్పు నంబరుకు 2147483647 కలిపి 4199545048 అని వేశాను, సెకండరీలన్నీ దాన్ని అందుకున్నాయని డిగ్‌తో సీరియల్ నంబరు ఉండే ఎస్ఓఏ రికార్డు అడిగి రూఢి చేసుకున్నాను, ఆ తరువాత 2025తో మొదలయ్యే నంబరు వేస్తే అది ముందుకు నడిచినట్టుగానే లెక్కకు వచ్చింది. లెక్కల మాస్టారు కనుక మీరు కాగితం మీద సరిచూసుకోగలరు.

వంశధార (గుణుపురం)

కాగితం మీద వేసి చూశాను. 4199545048 నుంచి చుట్టూ తిరిగి 2025061401కి రావడానికి 2120483649 అడుగులు పడతాయి, సగం చుట్టు అయిన 2147483648కి లోపలే ఉంది, కనుక ముందుకే. ఎనిమిదో తరగతికి గడియారం లెక్కలు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ బల్ల మీద రాస్తాను.

రౌటర్ బయటి అంకె 100.72తో మొదలవుతోంది, కనుక ఆ ఆలోచన ఇక్కడితో వదిలేశాను. డొమైనుకు రిజిస్ట్రార్ నేమ్ సర్వర్లే ఉంచాను. అలౌ రికర్షన్ బిగించాను. లోపలి పేర్లను డాట్ లోకల్ నుంచి మార్చాను, కొత్త పేర్లు ఉపాధ్యాయుల ఫోన్లలో తెరుచుకుంటున్నాయి. నిన్న రాత్రి కూడా కరెంటు పోయింది. బ్యాటరీ మీద నమ్మకంతో కాక, రెండవ ఏర్పాటు నిలుస్తుందో లేదో చూడాలని, బ్యాటరీని కావాలనే తీసి ఉంచాను. ఉదయం యంత్రం మూడేళ్ల కిందటి తేదీతోనే లేచింది, నిమిషం లోపు సమయం సరిదిద్దుకుంది, నేను వెళ్లేసరికి ల్యాబులో అన్నీ తెరుచుకుంటున్నాయి. బ్యాటరీ తిరిగి పెట్టి పెట్టె మూసేశాను.